నువ్వు నీళ్లు తాగు సార్

మా బడి ఉప్పల్‌లో ఒక సందు చివర ఉండేది. ఇల్లు నాచారంలో. రోజూ పొద్దున షేర్ ఆటోలో హబ్సిగూడ మీదుగా వెళ్లేవాళ్లం. ఎవరి బ్యాగు ఎవరి ఒళ్లో ఉందో దిగేదాకా తెలిసేది కాదు. ఫ్యాక్టరీల వైపు నుంచి ఒక్కోరోజు మందుల వాసన, ఒక్కోరోజు రబ్బరు వాసన వచ్చేది. మా నాయిన పనిచేసేది రబ్బరు కంపెనీలోనే. ఇప్పటికీ ఎక్కడైనా రబ్బరు కాలిన వాసన వస్తే పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం నాచారంలో మా రెండు గదుల పోర్షను గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది.

నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాది మా ప్రిన్సిపాల్ సారు ఏదో పెద్ద హోటల్లో జరిగిన సెమినార్‌కు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు 'జీరో టాలరెన్స్' అనే మాటను వెంటబెట్టుకొచ్చారు. వారం తిరగకముందే గేటు పక్క గోడ మీద దాన్ని ఎర్ర అక్షరాలతో రాయించారు. తప్పు చిన్నదా పెద్దదా అని చూడరట. ఎందుకు చేశావని అడగరట. తప్పు తప్పేనట, శిక్ష శిక్షేనట. ఇంటికొచ్చి నాయినకు చెప్పాను, "మా బళ్లె జీరో టాలరెన్స్ వెట్టిన్రు" అని. అందులో ఆయనకు జీరో ఒక్కటే అర్థమైంది.

"జీరో వచ్చిందా? ఏ సబ్జెక్టుల బిడ్డా?" అని కంగారుపడ్డాడు.

ఆ తర్వాత మా బడిలో జరిగినవి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఒళ్లు మండేది. స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు ఉప్పల్ రోడ్ల సంగతి ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి ఒకరోజు మేం ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గంట కొట్టేశారు, గేటుకు తాళం పడింది. మాతోపాటు మా ఇంగ్లిష్ సారు కూడా బయటే నిలబడ్డారు. లోపల ఆయన క్లాసు, బయట ఆయన. వాచ్‌మన్‌ను ఎంత బతిమిలాడినా తాళం తీయలేదు. "నాకెందుకు సార్ ఈ లొల్లి, గోడ మీద ఏం రాసిన్రో సూడు" అన్నాడు. ఆ గంటసేపూ ఇంగ్లిష్ సారు గోడకు ఆనుకొని మాకు వేరుశనక్కాయలు కొనిపెట్టారు. ఆ ఏడాది మొత్తంలో నాకు బాగా అర్థమైన ఇంగ్లిష్ క్లాసు అదే.

ఇంకోసారి ఆరో తరగతి పిల్లవాడు యాదగిరిగుట్టలో గుండు చేయించుకొని, ఎండకు ఓర్వలేక టోపీ పెట్టుకొచ్చాడు. టోపీ నిషేధం, తీసేయించారు. తీస్తే గుండు. దువ్వుకోకుండా వచ్చిన వాళ్లను పక్కన నిలబెట్టమని నియమం. వాణ్ణి ఏ వరసలో నిలబెట్టాలో పీఈటీ సారుకు పాలుపోలేదు.

అయినా ప్రిన్సిపాల్ సారు చెడ్డమనిషని నేను ఏనాడూ అనుకోలేదు. గుంటూరు వైపు నుంచి వచ్చి, అద్దె ఇంట్లో బడి మొదలుపెట్టి, దాన్ని అంత చేశారు. పదో తరగతి వాళ్లకు పొద్దున్నే లెక్కల క్లాసు ఆయనే చెప్పేవారు, పైసా అడగకుండా. చలికాలం వచ్చేసరికి సుద్దముక్కల పొడికి, అరుపులకి ఆయన గొంతు బొంగురుపోయింది. నాకు లెక్కలు వచ్చాయంటే అది ఆ గొంతు చలవే. ఆ కృతజ్ఞతే నా కొంప ముంచింది.

అసలు సంగతికి ముందు ఒక మాట చెప్పాలి. మాది జనగామ పక్క పల్లె. మా వైపు 'మీరు' అంటే ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారని అర్థం. ఎదుట ఉన్నది ఒక్క మనిషైతే ఆ మనిషి ఎంత పెద్దవాడైనా 'నువ్వు' అనే అంటాం. సారు నువ్వే, దవాఖానాలో డాక్టరు నువ్వే, నాయిన నువ్వే, గుట్ట మీది నర్సింహస్వామీ నువ్వే. అందులో తక్కువచేయడం ఉందన్న ఊహే మాకు రాదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా 'నాయిన వచ్చాడు' అనే వస్తోంది చేతికి. 'నాయినగారు వచ్చారు' అని రాస్తే అది ఎవరో పక్కింటాయన అవుతాడు.

జనవరిలో ఒకరోజు ప్రార్థన దగ్గర ప్రిన్సిపాల్ సారు మైకు పట్టుకొని క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నారు. ఉపాధ్యాయుల పట్ల అగౌరవం చూపిస్తే అదే రోజు టీసీ చేతికిచ్చి పంపిస్తామని అంటుండగా దగ్గు తెర కమ్మింది. ఎంతకీ ఆగదు. ముఖం ఎర్రబడింది. ముందు వరసలో ఉన్నది నేను. నా బ్యాగులో నీళ్ల సీసా ఉంది. తీసుకొని పరుగున వెళ్లి ఆయన ముందుకు చాచాను.

"మాట్లాడకు సార్. జర నువ్వు నీళ్లు తాగు సార్" అన్నాను.

మైకు ఆపలేదు. నా మాట మైదానం అంతా వినిపించింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వరసలన్నిటికీ పాకింది. నవ్వకపోయి ఉంటే ఆయన నీళ్లు తాగేవారే అని నా నమ్మకం. అంతమంది నవ్వేసరికి సీసా పక్కకు తోసేశారు.

"ఏమన్నావ్? నువ్వా? నన్ను మాట్లాడకు అంటావా? ఈ ఉద్యమాల గాలి బడి దాకా వచ్చిందన్నమాట!"

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. తార్నాక దాటితే యూనివర్సిటీ దగ్గర రోజూ ఏదో ఒక గొడవ, బంద్. ఆయన బెదిరి ఉన్నారని ఇప్పుడు అర్థమవుతుంది. నాకు మాత్రం ఆ నిమిషంలో ఉద్యమం లేదు, ఏం లేదు, ఆయన దగ్గు ఒక్కటే ఉంది. ఇంటికి వెళ్లి నాన్నను తీసుకురమ్మన్నారు, టీసీ రాసి ఉంచుతామన్నారు. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. హాల్ టికెట్ వచ్చేది బడి నుంచే. ఇప్పుడు టీసీ ఇస్తే నా ఏడాది గంగలో కలిసినట్టే. మా చుట్టాలలో పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏడాది పోతే ఇంక చదువు మాన్పించమని చెప్పడానికి మా మేనత్తలు ఎప్పుడూ తయారుగా ఉండేవారు. ఆటోలో వస్తూ ఏడవలేదు. ఇంట్లో అడుగుపెట్టి అమ్మను చూడగానే బోరుమన్నాను.

మర్నాడు నాయిన డ్యూటీ మానుకొని, పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా వేసుకొని నాతో వచ్చాడు. దారంతా ఒకటే ప్రశ్న. "ఇంతకీ ఏమన్నవ్ బిడ్డా సారును?" నీళ్లు తాగమన్నానని చెప్పాను. "గంతేనా? ఇంకేమన్న అన్నవా?" అని మళ్లీ అడిగాడు. నేనేదో దాస్తున్నానని ఆయన అనుమానం. నీళ్లు తాగమంటే బడి నుంచి వెళ్లగొడతారని ఏ తండ్రి మాత్రం నమ్ముతాడు?

ప్రిన్సిపాల్ గదిలో మా తెలుగు మేడం కూడా కూర్చొని ఉన్నారు. ఆవిడా కోస్తా వైపు మనిషే. ఐదో తరగతి నుంచి నేను ఆవిడను నువ్వు అంటూనే ఉన్నాను, ఆవిడ పలుకుతూనే ఉన్నారు. నాయిన గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఏమయ్యా, నీ కూతురికి ఇంట్లో ఏం నేర్పుతున్నావ్? అందరి ముందూ నువ్వు అంది!" అన్నారు ప్రిన్సిపాల్ సారు.

నాయినకు అర్థం కాలేదు. "ఎవర్ని అన్నది సారు?"

"నన్నే!"

"అవు సారు. నిన్నే అంటది."

"నన్నే నువ్వు అందయ్యా!"

"అవు సారు, నువ్వే గద అక్కడున్నది. ఇంకెవర్ని అంటది?"

ప్రిన్సిపాల్ సారు ముఖంలోకి మళ్లీ ఎరుపు వచ్చింది. వెటకారం చేస్తున్నాడనుకున్నారు. నాయినకు ఆ ఎరుపు ఒక్కటే అర్థమైంది. గబగబా రెండడుగులు ముందుకు వేసి బతిమిలాడాడు.

"తప్పయింది సారు. నువ్వు పెద్దమనిషివి, నువ్వే మాఫ్ జెయ్యాలె. నీ చేతుల్ల వెట్టిన నా బిడ్డను. నువ్వు గాదంటే దానికి ఎవరున్నరు సారు?"

తెలుగు మేడం తల వంచుకొని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వు ఆపుకుంటున్నారనుకున్నాను. తల ఎత్తినప్పుడు చూస్తే ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"చేతులు జోడించి ఎవరైనా తిడతారా సార్?" అన్నారు ఆవిడ. "ఆ పిల్ల కూడా మీకు నీళ్లే ఇచ్చింది కదా."

ప్రిన్సిపాల్ సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. అర్థమైంది కాబట్టి ఊరుకోవచ్చు కదా! కానీ గోడ మీద ఎర్ర అక్షరాలు ఉన్నాయి, చెరపడం ఎలా? కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు. టీసీ ఇవ్వరు, పరీక్షలు రాయనిస్తారు. ఇకమీదట నా నోట 'నువ్వు' వినపడకూడదు. బడిలో అలవాటు కావాలంటే ఇంట్లో కూడా అనకూడదు. సారును, మేడంను, అమ్మానాన్నలను, అందరినీ మీరు అనాలి.

"గట్లనే సారు. నేను దగ్గరుండి నేర్పిస్త" అని నాయిన మాటిచ్చాడు. ఆయన సంతోషానికి అంతులేదు. తిరిగి వచ్చేటప్పుడు రింగురోడ్డు దగ్గర నాకు చెరుకురసం తాగించాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మొదలుపెట్టాం. "నాయినా, మీరు అన్నం తింటరా?" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు, ఎవరైనా వచ్చారేమోనని. అమ్మ పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగు రోజులు అదే ఆట మా ఇంట్లో. నేను మరిచిపోయి నువ్వు అంటే నాయిన వేలు చూపించేవాడు. ఇచ్చిన మాట మీద అంత పట్టుదల ఆయనకు. పరీక్షలు రాశాను, ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ప్రిన్సిపాల్ సారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నేను "మీ వల్లే సార్" అన్నాను, ఆయన చాలా మురిసిపోయారు.

ఫలితాలు వచ్చిన రోజు నాయిన నా తల నిమిరి, "ఇగ అయిపోయింది గద బిడ్డా, ఇంట్ల నువ్వనే అను" అన్నాడు. "సరే, మీరెట్లంటే గట్లనే" అన్నాను. అప్పుడూ నవ్వుకున్నాం. కానీ రాలేదు. ఇంటర్‌లో రాలేదు, డిగ్రీలో రాలేదు. నాలిక ఒకసారి తిరగడం నేర్చుకున్నాక వెనక్కి తిప్పడం నా వల్ల కాలేదు. నువ్వు అనబోతే ఏదో పెద్ద తప్పు చేస్తున్నట్టనిపించి మీరు అనేసేదాన్ని. మేనత్తలు మాత్రం "సదువుకున్న పిల్ల, ఎంత మర్యాద!" అనేవారు. ఆ మర్యాదను తగలెయ్యాలనిపించేది. మీరు అని పిలిచే మనిషి మీద అలగడం కుదరదు, మెడకు చేతులు వేసి వేలాడటం కుదరదు. ఇంట్లో గొడవలు తగ్గాయి. మాటలూ తగ్గాయి.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది నాకు హన్మకొండలో బీఈడీ సీటు వచ్చింది. నాయిన నన్ను బస్సెక్కించడానికి ఉప్పల్ రింగురోడ్డుకు వచ్చాడు. సంచి పైకి అందించి, కిటికీ దగ్గర నిలబడి, నసుగుతూ అన్నాడు.

"పైలంగ పోండ్రి బిడ్డా. మీరు దిగంగనే ఫోన్ జెయ్యండ్రి."

నేను పక్క సీటు వైపు చూశాను. ఖాళీగా ఉంది.

"ఎవర్ని నాయినా?"

"మిమ్ముల్నే. రేపు మేడమయితరు గద. మేడంలను మీరు అనాలెనని మీ సారు జెప్పలే?"

ఆయన వేళాకోళానికి అనలేదు. చేతులు కట్టుకొని మరీ అన్నాడు. ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డట్టే నా ముందు నిలబడ్డాడు. నాకు కడుపులోంచి ఎక్కడలేని కోపం వచ్చింది. డ్రైవరు బండి కదిలించాడు. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాను.

"నన్ను మీరు అంటవేంది నాయినా? నీకేమన్న పిచ్చి లేసిందా? నువ్వు ఇంకోసారి గట్లన్నవనుకో, నేను పోనే పోను, ఇక్కడ్నే దిగుత!"

బస్సులో అందరూ నా వైపు తిరిగారు. ఎవరో పెద్దావిడ, తండ్రితో అట్లనా మాట్లాడేది అని విసుక్కుంది. నాయిన మాత్రం బస్సు పక్కనే నడుస్తూ, కిటికీ అంచు పట్టుకొని, కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి నవ్వాడు.

"ఎన్నేండ్లాయె బిడ్డా, నువ్వు నన్ను నువ్వు అనక" అన్నాడు.