జానెడు తగ్గిన మెట్టు

మా బావ అమాయకుడని అందరూ అంటారు. ఆయన మరదలిని, నేను మాత్రం ఒప్పుకోను, మొండివాడు. వాననీటి కాలువలకు సర్వే చేసి ప్లాన్లు గీసిచ్చే ఆఫీసు మాది. వీధుల ఎత్తుపల్లాలు కొలవడం ఆయన పని, ఆ అంకెలను ప్లాన్లోకి ఎక్కించడం నా పని. ఆఫీసులో ఆయన్ని మట్టంగారు అంటారు. ఊరంతా సరిచూసే మనిషికి ఇంట్లో మంచం కోడు కింద అట్టముక్క పెట్టడం చేతకాదని మా అక్క దెప్పుతుంది.

పల్లపు వీధి ఆయనకు కొట్టినపిండి. అక్కడ కొలతలన్నీ మందుల షాపు మెట్టు నుంచే మొదలు. ఆ మెట్టు ఎత్తు పాత రికార్డులో ఉంది, దాన్నిబట్టే మిగతా వీధి లెక్క కడతారు. కొత్త పైపు కోసం కొలిచిన రోజున మెట్టు మీద సిమెంటు కొత్తగా ఉండడం ఆయన చూశాడు. అలాంటప్పుడు ఎత్తు తెలిసిన వేరే గుర్తుతో సరిచూసుకోవాలి. ముప్పై ఏళ్లుగా ఎరిగిన మెట్టే కదా అని ఊరుకున్నాడట. ముసలివాళ్లు ఎక్కలేకపోతున్నారని షాపువాడు అప్పటికే దాన్ని జానెడు దించి కట్టించాడు. దాంతో వీధంతా ఉన్నదానికంటే జానెడు ఎత్తుగా నా ప్లాన్లోకి ఎక్కింది. ఆ పైపు వెళ్లి కలిసే పెద్దకాలువ కొలత మాత్రం సరైనదే. వీధి మట్టం నుంచి లోతు లెక్కగట్టి వేయడంతో పైపు చివర కాలువ నీళ్లకు కిందుగా పడింది. పెద్ద వాన కురిసిన రోజు వీధి నీళ్లు కాలువలోకి పోలేదు, కాలువే వీధిలోకి వచ్చింది.

అక్కడ టైలరమ్మ ఒకావిడ ఉంది. మంచం పట్టిన తల్లిని బయటికి తీసుకొచ్చేసరికే ముసలావిడ నిలువునా తడిసిపోయింది. నాలుగో రోజున పోయింది. పైపు నోట్లో గుడ్డముక్కలు దొరికాయి. ఇంకేం, నెపమంతా కుట్టు దుకాణం మీదికి నెట్టి ఆఫీసు చేతులు దులుపుకుంది.

వాన వెలిసిన వారానికే బావ మళ్లీ కొలిచాడు. మెట్టు సంగతి తేలాక తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"నోరు మెదపకు బావా. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. అక్క మొహం చూసైనా ఊరుకో," అన్నాను.

ఊరుకున్నాడు. ఆయన సరిగా అన్నం తినడం లేదని అక్క మొత్తుకుంటే, వాతావరణం మారింది కదా అని బుకాయించాను.

ఏడాది తిరిగాక, ఆ గుడ్డముక్కల నెపం మీదే దుకాణం ఖాళీ చేయమని టైలరమ్మకు నోటీసు వచ్చింది. బావ జరిగిందంతా రాసి, సంతకం చేసి, ఆ కాగితం మేనేజరు చేతికిచ్చి తిన్నగా పల్లపు వీధికి బయల్దేరాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆపడానికే నేను వెంటపడ్డాను.

ఆవిడ ఏదో చొక్కాకి గుండీలు కుడుతోంది. ఆయన గుమ్మంలో నిలబడే మెట్టు సంగతి చెప్పాడు. దుకాణం ఉన్నా లేకపోయినా ఆ నీళ్లు వచ్చేవేనన్నాడు. తిడుతుందనుకున్నాను. సూది పక్కన పెట్టింది, అంతే.

"మా అమ్మని నేనే చంపుకున్నాననుకుంటున్నానండీ ఇన్నాళ్లూ. మీకెప్పుడు తెలిసింది?"

"వాన వెలిసిన వారానికి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డానమ్మా," అన్నాడు బావ. నా ఊసెత్తలేదు.

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నాకేసి చూసి, మీరెందుకు నిలబడ్డారు, కూర్చోండమ్మా అంటూ స్టూలు జరిపింది. ఊరుకోమన్నది నేనేనని చెప్పాలి. చెప్పకుండా కూర్చున్నాను.