నానమ్మ గదికి నీలం రంగు

ఉప్పల్‌లో కొన్న ఫ్లాట్‌కు రంగులు వేయిస్తున్నాను. పెయింట్ వాసనకు నాచారంలోని మా రేకుల ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంటికి రంగులు వేయించినప్పుడు నాకు ఏడేళ్లు. నానమ్మ పడమటి గదిలో ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు ఆ గోడ పెనంలా కాలేది. ఆమెకు చూపు తగ్గుతోంది. "పసుపు ఎయ్యిన్రి, జర ఎలుగు కనబడ్తది" అంది.

పెయింటర్ మాత్రం, "నీలమైతే సల్లటి రంగు పెద్దమ్మా" అన్నాడు. నీలం వేస్తే గోడ నిజంగానే చల్లబడుతుందని, నానమ్మకు ఇక చెమట పట్టదని నేను నమ్మాను.

"నీలమే ఎయ్యాలె" అంటూ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. నాన్న కసిరినా, అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. చివరికి నానమ్మే, "పోనీ తియ్యి, పోరి మాటే కానియ్యిన్రి" అంది.

రంగు ఆరాక ఒక సాయంత్రం గోడకు చెంప ఆనించాను. చురుక్కుమంది. ఏడుపు ముంచుకొచ్చింది. అది విని నానమ్మ మంచం మీద తడుముకుని, దుప్పటి అందుకుని మెడదాకా కప్పుకుంది.

"గింత సల్లగైతదనుకోలే బిడ్డా. సలి పెడుతుంది."

ఆమె నుదుటి మీద చెమట కనిపిస్తున్నా నేను నమ్మాను. గెలిచినట్టు గంతులేస్తూ బయటికి పరిగెత్తాను.

చూపు తగ్గుతున్న మనిషి నాకోసం ఎంత వెలుగు వదులుకుందో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.