గొంగడి కప్పుకొని ఎడ్ల ముందు నడిచినవాడు

"రేపు అయ్యగారిని పిలువు. బాప్తిస్మం తీసుకుంట."

"ఏటేటా గిదే మాట. చెరుకు కొట్టినంక అంటవ్, నాట్లయినంక అంటవ్. నీ నెత్తిమీద నాలుగు చుక్కల నీళ్లు పడేసరికి నా పండ్లు ఊడ్తయ్!"

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. నా పెనిమిటి సాయిలు నవ్వాడు. కామెర్లతో పచ్చబడ్డ కళ్లతోనే నవ్వాడు. కోడి కూయకముందే పోయాడు...

మా అన్న కూతురు రూతు రాస్తోంది, నేను చెబుతున్నాను. నమ్మకపోతే మానండి. నేను కల్లు తాగే మనిషిని కాను. కలను నిజమని చెప్పే మనిషిని అసలే కాను. ఇది నా కళ్లతో చూసింది.

మాది మోస్రా దగ్గర పల్లె. నేను పుట్టుకతోనే క్రైస్తవురాలిని. ఆయన నన్ను చేసుకున్నాక మా ప్రార్థన గుడికి రావడం మొదలుపెట్టాడు. తలుపు పక్కనే కూర్చునేవాడు, బయట కట్టేసిన ఎడ్లు కనిపించాలని. పరలోకంలో ఏడుపు ఉండదు, చాకిరీ ఉండదు, దీపం లేకుండానే వెలుగు ఉంటుంది అని అయ్యగారు చెబితే, ఇంటికొచ్చాక నన్ను అడిగేవాడు. "ఆడ ఎడ్లుంటయానే?"

"ఉండవ్. చాకిరే లేకపోతే ఎడ్లెందుకు?"

"మరి పొద్దంత ఏం జేస్తరే ఆడ?"

నేను పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసేదాన్ని.

అయ్యగారు మంచివాడు. సమాధి దగ్గరికి వచ్చాడు, ప్రార్థన చేశాడు. కానీ మా అమ్మను పూడ్చినప్పుడు "తండ్రి దగ్గర విశ్రాంతిల ఉన్నది" అన్న మనిషి, బాప్తిస్మం లేకుండా పోయిన నా పెనిమిటికి ఆ మాట అనలేదు. నేనే అడిగాను. "అయ్యగారు, ఆయన పోయిండా ఆడికి?"

అయ్యగారు మట్టి వైపు చూశాడు. "దేవుని చేతిల ఉన్నదమ్మా," అన్నాడు.

అంతే. అది నా గుండెలో ముల్లులా దిగింది. ఆయన చనిపోయాడన్న ఏడుపు ఒకటి. ఎక్కడున్నాడో తెలియని ఏడుపు ఇంకొకటి. ఈ రెండోది నిద్ర పోనివ్వదు.

అప్పటికే చెరుకు కొట్టి పడుంది. ఎండితే బరువు పోతుంది. ఏడుస్తూ కూర్చోవడానికి చెరుకు ఆగదు కదా... బండి నేనే కట్టాను. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి తోలాను.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీ గేటు ముందు రాత్రంతా బండ్లు వరుసగా నిలబడేవి. తూకం వేసే కాంటా మీదికి ఒక్కో బండే పోవాలి. ఒకటి లోపలికి పోతే వెనకవన్నీ కొంచెం జరగాలి. అందుకని బండ్లవాళ్లలో ఒక పద్ధతి ఉండేది. మెలకువగా ఉన్నవాడు, నిద్రపోయినవాడి ఎడ్లను ముక్కుతాడు పట్టి ముందుకు నడిపిస్తాడు. ఎవరూ ఎవరినీ లేపరు. తెల్లారి ఎవరు నడిపారని అడగరు కూడా.

కానీ మా తెల్ల ఎద్దు ముక్కుతాడు ఎవరూ పట్టలేరు. పొడుస్తుంది. ఆయనకు తప్ప ఎవరికీ తల వంచలేదు. నేను కూడా వెనక నుంచి తోలడమే. అందుకే నిద్రపోకూడదనుకున్నాను. చెరుకు మోపుల మీద కూర్చున్నాను. మంచు పడుతోంది. ఫ్యాక్టరీ నుంచి చెరుకు మడ్డి వాసన... తియ్యగా, పులిసినట్టు. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ వచ్చింది.

బండి కదులుతోంది.

ఇరుసు కిర్... కిర్... అంటోంది. బండి కింద కట్టిన కందీలు ఊగుతోంది. దాని వెలుగు నేల మీద ముందుకు, వెనక్కి... ముందుకు, వెనక్కి... ఇంకో చప్పుడు కూడా ఉంది. ఎద్దు డెక్క కాదు. మనిషి అడుగు. టప్... సర్... టప్... సర్... ఒక కాలు నేల మీద పడుతోంది, ఒక కాలు ఈడుస్తోంది.

ఆయన ఎడమకాలు బండిచక్రం కింద నలిగింది. పెళ్లికి ముందే. అలాగే నడిచేవాడు.

నేను కదలలేదు. మెల్లగా తల ఎత్తాను. ఎడ్ల ముందు ఒక మనిషి. తల మీద నుంచి గొంగడి. వీపు మాత్రమే కనిపిస్తోంది. చెయ్యి తెల్ల ఎద్దు ముక్కుతాడు మీద ఉంది. ఎద్దు తల వంచి నడుస్తోంది... దూడలాగా.

కాళ్లు చూశాను. అందరూ చెబుతారు కదా, పాదాలు వెనక్కి తిరిగుంటాయని. లేవు. దుమ్ము కొట్టుకున్న మామూలు పాదాలు. నీడ కూడా ఉంది.

పిలవాలనిపించింది. పేరు నోటిదాకా వచ్చింది. పిలిస్తే తిరుగుతాడు. తిరిగినవాడు ఆయన కాకపోతే? ఆయనే అయితే?... ఆయనే అయితే ఇంకా ఘోరం. విశ్రాంతి దొరికినవాడికి ఈ మంచులో, ఈ వరుసలో ఏం పని?

రెండు చేతులతో నోరు మూసుకున్నాను. కళ్లు కూడా మూసుకున్నాను. టప్... సర్... టప్... సర్... ఆగింది.

ఫ్యాక్టరీ కూత వేసేసరికి తెల్లారింది. నా బండి గేటు దగ్గర ఉంది. ముందు ఎవరూ లేరు. వెనక బండి మహారాష్ట్ర వైపు ముసలాయనది. మా ఊరు తెలియదు, మా సంగతి తెలియదు.

"బాయీ, లేచినవా? నీ మాలక్ ఏడికి పోయిండు?"

"ఎవలు?"

"నీ మాలకే! రాత్రంత ఎడ్ల ముంగట నడిచె గదా. బీడీ ఉన్నదా అని అడిగిన. మాట్లాడలే. చెయ్యి ఊపిండంతే. గంత గర్వమేంది బాయీ నీ మాలక్‌కు?"

మాలక్ అంటే వాళ్ల వైపు మొగుడు. మా ఆయన బీడీ తాగడు.

కానీ వినండి, నేను ఉన్నది ఉన్నట్టే చెబుతాను. తెల్ల ఎద్దు నోట్లో పచ్చి చెరుకు ఆకులు ఉన్నాయి. తిండి పెట్టి ఎవరైనా మచ్చిక చేసుకోవచ్చు. బండ్లవాళ్లలో సగం మందికి కాలు నలిగే ఉంటుంది. బీడీ తాగనివాళ్లు ఇంకెవరూ ఉండరా? ఉంటారు...

అయ్యగారికి చెప్పాను. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సైతాను మోసం గూడ ఉంటదమ్మా, జాగ్రత్త," అన్నాడు.

"సైతానుకు నా చెరుకుబండి ముంగటికి జరుపుడెందుకయ్యగారు? వానికేమన్న కూలి ముడుతదా?"

అయ్యగారికి నవ్వొచ్చింది. నవ్వాగాక మెల్లగా అన్నాడు. "నాకు తెల్వదమ్మా. పరలోకం గురించి ఇన్నేండ్ల సంది చెప్తున్న. చూసొచ్చి చెప్తలేను."

సమాధి దగ్గర చెప్పిన మాట కంటే ఈ మాటే నాకు చల్లగా తగిలింది.

ఎన్నో రాత్రులు ఆలోచించాను. ఆయన లోపలికి పోలేక ఈ వైపే తిరుగుతున్నాడా? లేక అక్కడ పొద్దంతా ఏం చేస్తారని అడిగాడు కదా... వాళ్లు చేసేది ఇదేనేమో? ఒకసారి అలా అనిపిస్తుంది, ఒకసారి ఇలా. అలా అనిపించిన రోజు అన్నం దిగదు. ఇలా అనిపించిన రోజు పాట పాడుకుంటాను.

రూతూ, రాసుడైందా బిడ్డా? ఏందట్ల చూస్తున్నవ్, భయమైతున్నదా? ఒక్కసారి సదివి ఇనిపియ్యి. ఎడ్ల ముంగట నడిచినోని కాడి నుంచి సదువు. చెప్పంగ చెప్పంగ నేనేమన్ననో నాకే యాదిలేదు... ఆయనే అన్ననా, ఎవలో అన్ననా? సదువు, నేనింట.