సున్నం పడ్డ కన్ను

కాల్చిన సున్నం మీద నీళ్లు పడితే కుతకుత ఉడుకుతుంది. గాజువాకలో మా సున్నం షెడ్డులో పనిచేసే ఎవరికైనా ఇది తెలుసు. అందుకే ఆ రోజు క్రేన్ దిగి వస్తుంటే బస్తా పగిలి నా కుడికంట్లో సున్నం పడినప్పుడు, మూడడుగుల దూరంలో కుళాయి ఉన్నా అటు పోలేదు. కింద నిలబడి నా క్రేన్‌కి చేతి సైగలిచ్చే బావే నన్ను ఆపాడు. వరసకేమీ కాడు, పదిహేనేళ్ల స్నేహంలో ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం.

"నీళ్లు పొయ్యీకు బావా, కన్ను ఉడికిపోద్ది" అని కొబ్బరినూనె తెచ్చి పోశాడు. కిళ్లీ సున్నానికి నోరు పొక్కితే మేం రాసుకునేది అదే మరి.

వెంటనే ధారగా నీళ్లు కొట్టి ఉంటే ఇంత పాడయ్యేది కాదంది కంటి డాక్టరమ్మ. అది విన్నప్పటి నుంచి బావ నా మొహంలోకి చూడటం మానేశాడు. కన్ను తెల్లగా మూసుకుపోయింది. ఒంటికన్నుతో కొక్కెం ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు కాబట్టి నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు. లారీల నంబర్లు రాసుకోవడం నా పనా? ఒళ్లు మండిపోయేది.

కొన్ని నెలలకి కంటి వాపు తగ్గాక డాక్టరమ్మ దారి చెప్పింది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలుంటాయట. కంటి పైపొరని ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించేవి అవే. నా కుడికంట్లో అవి కాలిపోయాయి. ఎడమకంటి అంచు నుంచి పిసరంత తీసి ఇటు పెడితే, అక్కడే పెరిగి కొత్త పొర కడతాయంది.

మా ఆవిడ అడ్డం తిరిగింది. "ఉన్న కంటి మీద కత్తెట్టనిత్తారేటి? రెండూ పోతే నానేటయిపోవాల?"

భయం నాకూ లేకపోలేదు. ఎంత తీస్తారని అడిగితే డాక్టరమ్మ పెన్ను మొన చూపించింది. తీసిన చోటు మళ్లీ పూడుకుంటుందంది. అంతే, సంతకం పెట్టేశాను. గురి చూసి బరువు దించే పనిలో బతికినవాణ్ణి, గురి తెలిసిన చెయ్యిని గుర్తుపట్టలేనా?

చూపు ఒక్కసారిగా రాలేదు. మొదట వెలుగు, తర్వాత కిటికీ చువ్వలు, ఆ తర్వాత మా ఆవిడ ముక్కుపుడక. మునుపటంత కాదు గానీ, పరీక్ష పెట్టి మళ్లీ క్రేన్ ఎక్కనిచ్చేంత వచ్చింది.

మొదటి రోజు క్యాబిన్‌లోంచి కిందికి చూశాను. బావ నిలబడి ఉన్నాడు. అన్నాళ్ల తర్వాత తలెత్తి నా మొహంలోకే చూస్తున్నాడు. కొక్కెం దించమని సైగ చెయ్యాల్సిన చెయ్యి కళ్లు తుడుచుకుంటోంది.

"ఏటి బావా, సున్నం పడ్డాదా?" అని పైనుంచి కేకేశాను. "కుళాయి పక్కనే ఉంది. నీళ్లతో కడుక్కో."