అది సారా కాదు, వావిలాకు

మా పక్క కొబ్బరితోటలో ఉండే మేష్టారు నిన్న అమలాపురం ఆసుపత్రిలో పోయారు. జబ్బుతో కాదు, తల మీద కర్ర దెబ్బకి. సారా కాసేవాడు చచ్చాడని ఉప్పలగుప్తం దాకా చెప్పుకుంటున్నారు. నాకు అక్షరం రాదు, చెప్పి రాయిస్తున్నాను. చదివినవాళ్ళు ఆ మాట ఇంకోసారి అనకండి.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక ఆయన పాకలో వావిలాకు సారం తీసేవారు, కీళ్ళనొప్పులకి. ఆకు నీడన ఆరబెట్టి దంచడం నా పని. ఆయన దాన్ని స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, సన్నటి వేడి మీద ఆవిరయ్యే స్పిరిట్‌ని గొట్టంలోంచి వెనక్కి పట్టేవారు. స్పిరిట్‌లో నీళ్ళు ఎక్కువ కలిస్తే సారం జిగురు, వేడి ఎక్కువైతే మాడు కంపు.

“వేడీ నీళ్ళూ ఒకేసారి తగ్గించెయ్యండి, పీడా పోతుంది” అన్నాను విసుగొచ్చి.

“రెండూ మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎలా తెలుస్తుందండీ అక్కగారూ? ఒకసారికి ఒక్కటే మార్చాలి.”

స్పిరిట్ డబ్బా మూత తీసేముందు నా నోటికేసి చూసేవారు. “చుట్ట అవతల పారేసి రండి. ఇద్దరం కలిసి పైకి పోతే ఊళ్ళో ఏమనుకుంటారు?”

ఈమధ్య మా వీధిలో ఒకడు కల్తీసారా తాగి చచ్చాడు. ఆ గొట్టం చూసి, ఆ వాసన పట్టి, కుర్రాళ్ళు పట్టపగలే పాక మీద పడ్డారు. ముందున్నది నా కొడుకు. చచ్చినవాడు వాడి స్నేహితుడు. సీసాలన్నీ పగలగొట్టారు. నేల నిండా స్పిరిట్. మేష్టారు గాజుపెంకుల మీద వట్టికాళ్ళతో పొయ్యి దగ్గరికి పరిగెత్తారు.

“ఇది ఆర్పనివ్వండి బాబూ, అంటుకుంటే మీరు కాలిపోతారు.”

ఆయన పొయ్యి మీదికి వంగారు. నా కొడుకు వెనకనుంచి కొట్టాడు. పొయ్యి ఆరింది, ఆయన పడిపోయారు. నేను రోకలెత్తి నా కొడుకు చెయ్యి విరగ్గొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అయినా ఇంకో దెబ్బ వేశాను.

ఆయనిచ్చిన సారం రాసుకున్న మోకాళ్ళతోనే పోలీస్ స్టేషన్ మెట్లెక్కాను.

“అంత గుంపులో ఎవరు కొట్టేరో మీకెలా కనబడుతుంది మామ్మగారూ” అన్నారు ఎస్సైగారు.

“నేను కన్న చెయ్యి నాకు తెలీదాండీ? రాసుకోండి.”

ఈ పొద్దున్న వాణ్ణి జీపెక్కించారు. చేతికి కట్టుంది. నాకేసి చూడలేదు. వాడి ఒంటి మీద ఆనాటి చొక్కాయే. కోడలు సబ్బు పెట్టి ఎంత ఉతికిందో, స్పిరిట్ వాసన లేదు. రొమ్ము మీద చిందిన ఆకు సారం మరక మాత్రం అరచెయ్యంత, ఇంకా పచ్చగానే ఉంది.