కొత్తోళ్ళకి ముందు ఆకాశం

బుజ్జులూ, నీ కుర్చీలో కూర్చుని రాస్తన్నాను. ఏమనుకోకు.

చదివేవాళ్ళకి చెప్పాలి. మా అబ్బాయి పోయేడు. పోయిన నెల విషజ్వరం వచ్చింది, ఆస్పత్రిలో వేసినా దక్కలేదు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. పెళ్ళింకా కాలేదు. నేను పెద్దగా చదువుకోలేదు. అనకాపల్లి పక్కన బెల్లం గానుగలో పొయ్యి దగ్గర పని నాది. తప్పులుంటే సర్దుకుని చదవండి. వాడితో కంప్యూటర్లో విమానాలాట ఆడినోళ్ళ కోసం రాస్తన్నాను. వాడెవరో తెలియనోళ్ళు చదివినా సంతోషమే.

ఆ ఆటేటో నాకు చాన్నాళ్ళు తెలీదు. కంపెనీ బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విమానం నడిపే కర్రలాంటిది పట్టుకుని కూర్చునేవాడు. ఎక్కడెక్కడివాళ్ళో నెట్‌లో కలిసి పాతకాలం యుద్ధ విమానాలు నడుపుతారు, ఒకర్నొకరు కూల్చుకుంటారు. అచ్చం అసలు విమానంలాగే ఉంటాదట. ఇంజిను స్టార్ట్ చెయ్యడానికే బోలెడు మీటలు. ముక్కు మరీ పైకెత్తితే గాలి పట్టు తప్పి రాయిలాగ కిందపడిపోతాది. ఎదర వచ్చేది మనోడో పగోడో రంగు చూసి మనమే పోల్చుకోవాలి. ఇవన్నీ సులువు చేసే పద్ధతి కూడా ఆటలోనే ఉంది. అందులో ఇంజిను దానంతటదే తిరుగుతాది, విమానాల మీద పేర్లు కనిపిస్తాయి. మొదట్లో ఆ సులువు పద్ధతంటే మావాడికి గిట్టేది కాదు.

ఒక ఆదివారం పొద్దున్న నన్ను కూర్చోబెట్టేడు. ఆ మీటలన్నీ చూసి నాకు కళ్ళు తిరిగేయి. ఏది నొక్కినా ఇంజిను కదల్దు.

"ఒగ్గీరా బాబూ, నా పొయ్యి నాకు నయం" అని లేచిపోబోయేను.

వాడు నన్ను ఆపి అడిగేడు. "అమ్మా, గానుగలో నీకు పాకం ఎలగ నేర్పేరు?"

"ఎలగేటి? మొదటిరోజు సెరుకుముక్క వేడి పాకంలో ముంచి ఇచ్చి తినమన్నారు. రుచి తెలిసేక మంట నేర్పేరు. ఆ తర్వాతే పాకం."

మా గానుగలో ఇప్పటికీ అంతే. కొత్తగా పనిలోకి వచ్చిన మనిషికి ముందు తినిపిస్తాం.

వాడు వెంటనే కంప్యూటర్ వైపు తిరిగేడు. ఆటలో ఏవో మార్చేడు. ఈసారి విమానం గాల్లోనే ఉంది, ఇంజిను తిరుగుతోంది. కర్ర నా చేతిలో పెట్టి, "ఊరికే పట్టుకోమ్మా, బిగించకు" అన్నాడు. కింద పొలాలు, దూరంగా సముద్రం. మన పూడిమడక మీద ఎగిరినట్టే ఉంది. కాసేపటికి కింద నల్లగా పొగ లేచింది.

"ఒరే, ఎవుడో పాకం మాడబెట్టేసేడురా, సూడు సూడు" అని విమానాన్ని అటేపు దించేను.

అది కూలిపోయిన విమానం పొగట. పైనుంచి ఎవడో నన్నూ కూల్చేసేడు. మావాడు కుర్చీ పట్టుకుని ఒకటే నవ్వు.

"బెల్లం సూడ్డానికెల్లి సచ్చిపోయేవమ్మా! పర్లేదు, మళ్ళీ ఎక్కు."

మళ్ళీ ఎక్కేను.

అప్పట్నుంచి ఆదివారం సాయంత్రాలు కొత్తోళ్ళ కోసం సులువు పద్ధతి పెట్టేడు. ముందు ఎగరనిచ్చేవాడు. చెయ్యి కుదిరేకొద్దీ ఒక్కో సాయం తీసేసేవాడు, ఆఖర్న ఇంజిను మీటలు నేర్పేవాడు. ఎవరొచ్చినా మొదటి మాట ఒకటే. "తిన్నారా? ఖాళీ కడుపుతో ఎక్కితే కోపం వత్తాది, కోపంలో ముక్కు పైకి లేచిపోద్ది. తిని రండి, నేనుంటాను."

వాళ్ళ గుంపులో అందరికంటే ముందునుంచి ఆడేవాడు ఒకతనున్నాడు. ఊళ్ళో మోటార్లు బాగుచేస్తాడు. మావాడు బావా అని పిలిచేవాడు. అతనికి ఇది నచ్చేది కాదు. మా ఇంటికొచ్చి మరీ దెబ్బలాడేవాడు.

"ఇంజిను స్టార్ట్ సెయ్యడం రానోడికి యుద్ధ విమానం ఎందుకురా? అదేటి ఆటో అనుకున్నావా?"

"ఆటో అయినా మొదటిరోజే ఇంజిను ఇప్పించి నేర్పుతారేటి బావా? నువ్వు నేర్పుతావులే, అందుకే నీ షాపులో ఎవుడూ నిలబడ్డు."

"నవ్వు, నవ్వు. నీ కొత్తోళ్ళొచ్చి మనోళ్ళనే కాల్చేత్తన్నారు. అసలాటే పోతంది."

ఆ మాటా నిజమేనని మావాడు ఒప్పుకునేవాడు. "అసలాట ఉండాల్సిందే బావా. ఆడ్డానికి మనుషులు కూడా ఉండాల కదా."

పెద్దకర్మకి ఆ బావ వచ్చేడు. అరిటాకు ముందు తల వంచుకుని కూర్చున్నాడు. అన్నం ముట్టుకోలేదు.

"అత్తా, ఆదివారం కొత్తోళ్ళ పూట ఆపేద్దామంటన్నారు. ఆడు లేడు, ఇంకెవుడికీ ఓపిక లేదు. నాకూ అదే నయమనిపిత్తంది. ఆట అసల్లాగే ఉండాల."

నాకు కోపం రాలేదు. మావాడు పెట్టింది అదొక్కటే మిగిలింది, అదీ పోతాదేమోనని భయమేసింది. తోచిన మాట అన్నాను.

"అసల్లాగంటే ఎలగ బాబూ? అసల్లో పడిపోయినోడు మళ్ళీ ఎక్కడం లేదు కదా. మీ ఆటలో ఉంది. ఉన్నకాడ ఎక్కనియ్యండి."



మొన్న ఆదివారం సాయంత్రం ఆ బావే మా ఇంటి దగ్గర ఆగి, కంప్యూటర్ పెట్టి, నా చెవులకి అవి తగిలించి, "ఇనత్తా" అని వెళ్ళిపోయేడు.  కాసేపటికి ఒక పెద్దమనిషి గొంతు వినపడింది.

"బాబూ, నేను నాతవరంలో మాస్టార్ని. ఇక్కడ కొత్తవాళ్ళకి నేర్పుతారని చెప్పేరు. ఆ అబ్బాయి ఉన్నాడా?"

అటుపక్క ఎంతమంది ఉన్నారో, ఎవరూ పలకలేదు. నా చెయ్యి కర్ర మీదే ఉంది. వాడి బొటనవేలు ఆని ఆని అక్కడ నున్నగా అరిగిపోయింది.

అప్పుడు బావ గొంతు వచ్చింది.

"లేడు మాస్టారూ. నేనున్నాను. ముందు మీరు తిన్నారా?"

"ఇంకా లేదు బాబూ. ఇది చూసుకున్నాక తిందామని."

"కాదు, తిని రండి. విమానం గాల్లోనే పెట్టి ఉంచుతాను."

తెర మీద ఆ విమానం నీలంలో ఒక్కటే ఎగురుతా ఉంది, మాస్టారి కోసం. నేను దాన్నే చూస్తా కూర్చున్నాను. కర్ర పట్టుకున్నాను గానీ బిగించలేదు.

మీరు కూడా వేళకి కడుపునిండా తినండి.