చప్పిడి పత్యం

నాకు ముక్కుమీద కోపం. మా ఆసుపత్రిలో ఎవరిని కదిపినా ఈ మాటే చెబుతారు, నాకేం చిన్నతనం లేదు. కాలేయం, క్లోమం, పైత్యనాళం, పేగులు, వీటికి వచ్చే క్యాన్సర్లకు ఆపరేషన్లు చేయడం నా పని. ఆపరేషన్లు గుడివాడలో. బుధవారం మాత్రం బందరులో కూర్చుని ఓపీ చూస్తాను, దివిసీమ నుంచి వచ్చేవాళ్ళకు అది దగ్గరని. ఆ రోజు నా గదిలోంచి అరుపులు వినిపిస్తే బయట కూర్చున్నవాళ్ళకు అర్థమైపోతుంది, లోపలున్నది పసరు తాగి వచ్చిన మనిషేనని.

మా వైపు కళ్ళు పచ్చబడితే ముందు వెళ్ళేది డాక్టరు దగ్గరికి కాదు, పసరు దగ్గరికి. ఆదివారం పొద్దున్నే పరగడుపున వెళ్ళి, ఇచ్చింది తాగి, చెప్పిన పత్యం చేస్తారు. మామూలు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. పేరు పసరుకు వస్తుంది. నాకూ ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ మొవ్వ దగ్గర ఒకాయన చేత పోయించింది, తగ్గింది కూడా. నువ్వు బతికి డాక్టరువయ్యావంటే ఆ పసరు చలవేనని ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తుంది. కానీ లోపల గడ్డ పెరిగి పైత్యనాళానికి అడ్డుపడితే వచ్చే కామెర్లు వేరు. వాటికి ఆకులూ అలములూ ఏం చేస్తాయి? కళ్ళు పచ్చబడిన రోజు నుంచి మా దగ్గరికి చేరేసరికి ఎన్ని రోజులు పోగొట్టుకున్నారో అందర్నీ అడిగి రాసుకుంటున్నాను, ఏళ్ళ తరబడి. దాన్ని పరిశోధన అంటారు. రాసినకొద్దీ నా కోపం పెరిగింది తప్ప తగ్గలేదు.

అలాంటి ఒక బుధవారం ఆవిడ వచ్చింది. నాగాయలంక దగ్గర ఒక ఊళ్ళో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. నలభై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళంతా పసుపు రాసినట్టుంది, దురదకు గోకి గోకి చేతులు పుండ్లు పడ్డాయి. పక్కన భర్త, రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. మూడు ఆదివారాలు పసరు పోయించామనీ, రెండోదానికి పచ్చ బాగా తగ్గిందనీ, అందుకే మూడోదానికి కూడా వెళ్ళామనీ అతను ఎంతో నమ్మకంగా చెప్పాడు. ఇంకేముంది, నేను ఒంటికాలి మీద లేచాను. నాళం కొసన వచ్చే గడ్డ ఒక్కోసారి కొంచెం రాలి, దారి తెరుచుకుని పచ్చ నాలుగు రోజులు తగ్గుతుందని, అంతమాత్రానికే పసరు పనిచేసిందనుకుని పెళ్ళాన్ని చంపుకుంటావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అతని మొహం మాడిపోయింది. ఆవిడే నెమ్మదిగా అంది.

"ఆయన్నేమీ అనకండమ్మా. నేనే వెళ్దామన్నాను."

స్కాను, పరీక్షలు అన్నీ చేయించాను. గడ్డ చిన్నదే. పైత్యనాళం పేగులోకి తెరుచుకునే చోట ఉంది. ఈ జాతి క్యాన్సర్లలో ఇలాంటిది దొరకడమే అదృష్టం, వేళకు తీసేస్తే మనిషి బతికే అవకాశం బాగా ఉంటుంది. కానీ ఆవిడ ఒంట్లో ఏం మిగల్లేదు. మూడు వారాలుగా ఉప్పు లేదు, పప్పు లేదు, నూనె చుక్క లేదు. రక్తపరీక్షలు అలా ఉండగా కత్తి పట్టుకుంటే లోపల వేసిన కుట్లు నిలవవు. అందుకని గొంతులోంచి గొట్టం పంపి, అడ్డుపడిన చోట చిన్న స్టెంటు పెట్టించి పైత్యం దిగడానికి దారి చేశాం. మూడు వారాలు గుడ్లు, చేపలు, పప్పు బాగా పెట్టు, ఒళ్ళు కాస్త పుంజుకోగానే ఆపరేషన్ చేస్తాను, అంతకంటే ఆలస్యమైతే గడ్డ మన కోసం ఆగదు అని భర్తకు చెప్పి పంపాను.

రెండు వారాలకు వచ్చింది. కళ్ళు తెల్లబడ్డాయి, దురద పోయింది. బరువు చూస్తే ఇంకో రెండు కిలోలు తగ్గింది. ఏం తింటున్నావని అడిగితే భార్యాభర్తలిద్దరూ నేల చూపులు చూశారు. చివరికి ఆవిడే బయటపడింది. ఉప్పు లేని మజ్జిగన్నమే తింటోందట. మందిచ్చిన పెద్దావిడ నలభై రోజులు చప్పిడి పత్యం చేయమందట, మధ్యలో విడిస్తే కామెర్లు తిరగబెడతాయందట. పత్యం గట్టిగా చేస్తున్నాను కాబట్టే పచ్చ దిగిపోయింది కదమ్మా అని నాకే నచ్చజెప్పింది.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కాగితం మీద బొమ్మ గీసి, పచ్చ దిగింది మేం పెట్టిన గొట్టం వల్లని చెప్పాను. అరిచాను. బతిమాలాను. వాళ్ళ పాస్టరు గారికి ఫోను చేసి ఆయన చేత కూడా చెప్పించాను. అందరి మాటకూ తలూపింది, పప్పు ముద్ద మాత్రం మింగలేదు. వంటమనిషి, వంద మంది పిల్లలకు కమ్మగా వండి పెట్టే మనిషి. ఆకలి లేక కాదు, భయం. బయటికి వెళ్తూ భర్త ఆగి అన్నాడు.

"మందిచ్చిన చెయ్యే పత్యం విడిపించాలంటుందమ్మా మా ఆవిడ. నేను పోయి అడిగితే ఇంకా నలభై కాలేదని పంపేసింది ఆ పెద్దావిడ."

ఆ ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని బయల్దేరాను. పులిగడ్డ వారధి దాటి దివిసీమలోకి వెళ్ళేదాకా ఆ పెద్దావిడను ఎలా కడిగెయ్యాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. వెళ్ళేసరికి వాకిట్లో పది మంది పరగడుపున కూర్చుని ఉన్నారు. పెద్దావిడకు డెబ్భై దాటి ఉంటాయి, సన్నగా, తెల్లచీరలో. ఫలానా అని చెప్పగానే కుర్చీ తెప్పించి వేయించింది. నేను కూర్చోలేదు. నిలబడే గడ్డ సంగతి, స్టెంటు సంగతి, చెయ్యాల్సిన ఆపరేషన్ సంగతి, పత్యం వల్ల ఆ మనిషి చస్తున్న సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ అంతా విని, ఆమెకు దురద ఉండేదా అని అడిగింది. ఉండేదన్నాను. దొడ్డికి తెల్లగా వెళ్ళేదా అని అడిగింది. అవునన్నాను. నొప్పి మాత్రం లేదు కదూ అంది.

నేను నా జూనియర్లకు మొదటిరోజు నేర్పే మూడు ప్రశ్నలు అవే. మీకెలా తెలుసన్నాను.

"దురద ఉన్నవాళ్ళకి నా మందు పనిచెయ్యదు తల్లీ. మా అత్తగారి నాటి నుంచీ చూస్తున్నాను. ఒక్కళ్ళూ బతకలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసి తెలిసి ఎందుకు పోశారని గట్టిగానే అడిగాను. వాకిట్లో వాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. ఆవిడ గొంతు పెంచలేదు.

"వచ్చినవాళ్ళని వెనక్కి పంపకూడదని మా ఇంటి కట్టడి. పంపినా ఎక్కడికని పంపను? దీన్ని కోసి బాగుచేసే చోటొకటుందని నాకెవరు చెప్పారు?"

 ఇన్నేళ్ళు ఎంతమందినో అడిగి రాసుకున్నాను, పసరు పోసేవాళ్ళ గడప తొక్కింది మాత్రం అదే మొదటిసారి. అంత చదువూ చదివి అరవడమే చేశాను. సిగ్గేసింది, కూర్చున్నాను. ఆపరేషన్ మాట ఎత్తితే తిడుతుందేమోనని వంటావిడ భర్త పెద్దావిడకు అసలు విషయమే చెప్పలేదట. అందుకే నలభై కాలేదంది.

వాకిట్లో ఉన్నవాళ్ళలో దురద ఉన్న ఒకాయన్ని పెద్దావిడ పక్కకు పిలిచి, ఈ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమని చెప్పింది. తర్వాత చెప్పులేసుకుని నా కారెక్కింది. వంటావిడ ఇంట్లో పప్పు ఉడికించమంది, గుడ్డు ఉడకబెట్టమంది. కంచంలో అన్నం వేసి, పప్పు కలిపి, అందరూ చూస్తుండగా దాని మీద ఉప్పు చల్లింది. పత్యం అయిపోయింది, ఇక ఈ అమ్మ చెప్పినట్టు వినమని తన చేత్తోనే ముద్ద అందించింది. వంటావిడ నోరు తెరిచింది. నెల దాటాక ఉప్పు తగిలేసరికి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. కంచం ఖాళీ చేసి ఇంకాస్త పెట్టమంది. నాకూ కళ్ళు చెమర్చాయి, ఎవరైనా చూస్తారేమోనని ఫోను తీసి చూసుకున్నాను.

ఇంకో మూడు వారాలకు ఆపరేషన్ చేశాను. పొట్ట తెరిచి, గడ్డ అక్కడికి పాకిందేమోనని ముందు కాలేయం మీద చెయ్యి వేసి తడిమాను. ఎక్కడా గట్టిగా తగల్లేదు. ఆరు గంటలు పట్టింది. కుట్లు నిలిచాయి. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయని, అంటే గడ్డ పూర్తిగా వచ్చేసిందని రిపోర్టు వచ్చింది. ఆ మాట చెబితే రొయ్యల చెరువాయన వరండాలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు అతన్ని అన్న మాటకు నన్ను క్షమించమని అడిగాను. అదేంటమ్మా అని చేతులు పట్టుకున్నాడు.

పదోరోజున పెద్దావిడ బస్సెక్కి గుడివాడ వచ్చింది. మంచం పక్కన కూర్చుని, వంటావిడ మెత్తగా కలిపిన అన్నం తింటుంటే చాలాసేపు చూసింది. నేను రౌండ్సు ముగించుకుని బయటికి వస్తుంటే వెనకాలే వచ్చి ఆపింది.

"మా చెల్లెలిక్కూడా దురదే తల్లీ. నేనే పోశాను. నలభై రోజులు నేనే పత్యం పెట్టాను. ఒక్క ఉప్పురాయి వెయ్యి అక్కా అని ఏడ్చింది, వెయ్యలేదు. దానికీ ఇలా చెయ్యగలిగేవారా?"

ఎన్నాళ్ళయిందని అడిగాను. ఆరేళ్ళంది. ఆరేళ్ళ కిందట కూడా నేను ఈ ఆపరేషన్లు చేస్తూ, బుధవారాలు బందరులోనే కూర్చుంటున్నాను, వాళ్ళ ఊరికి గంట దూరంలో.

"లేదండీ, అప్పటికి ఈ ఆపరేషన్ లేదు," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, అయితే సరే తల్లీ అని చెప్పి, అన్నం మిగిల్చేస్తుందేమో చూడాలంటూ లోపలికి వెళ్ళింది.